ఆపరేషన్‌కు ముందే చెప్పవలసిన మాట

మన సంచిక చేతికి రాగానే చాలామంది దాతలు మొదట తిప్పేది జమాఖర్చుల పేజీ. చదువులకు ఎంత, పెళ్లిళ్లకు ఎంత, వితంతువులకు ఎంత, వైద్యానికి ఎంత అని చూస్తారు. చూడవలసిందే. అది మీ కష్టార్జితం, మా దగ్గర అమానత్. ఆ వైద్యం పద్దు కింద ఆపరేషన్‌కు ఇస్తాం, మందులకు ఇస్తాం. రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఒక సోదరికి ఆపరేషన్ చేయించి, బిల్లు కట్టి, ఇంటికి పంపితే మన బాధ్యత తీరిందనుకుంటాం. ఆ తర్వాత ఆమె బతకబోయే బతుకు మాత్రం మన పద్దుల్లో ఎక్కడా లేదు. ఈ వ్యాసం దాని గురించే.

ఇంటిల్లిపాదీ చదివే సంచికలో ఇలాంటి విషయమా అని కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. హయా మన దీన్‌లో భాగమే, కాదనడం లేదు. కానీ సిగ్గు తమను ధర్మం తెలుసుకోకుండా ఆపలేదని అన్సార్ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్న సంగతి కూడా మనకు తెలుసు. అందుకే మర్యాద తప్పకుండా, కానీ ఏదీ దాచకుండా రాస్తున్నాం.

మన పెద్దలు రాచపుండు అని భయపడిన జబ్బుల్లో రొమ్ము క్యాన్సర్ ఇవాళ మన దేశపు స్త్రీలకు ఎక్కువగా వస్తున్న క్యాన్సర్. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారం 2022లో ఒక్క భారతదేశంలోనే 1 లక్షా 92 వేలకు పైగా స్త్రీలకు కొత్తగా ఈ జబ్బు బయటపడింది. త్వరగా కనిపెడితే నయమయ్యే అవకాశం ఎక్కువ. నయమై ఇరవై, ముప్పై ఏళ్లు బతికే స్త్రీలు మన మధ్యనే ఉన్నారు. అందుకే బతికించడం ఒక్కటే కాదు, ఎలా బతుకుతారన్నది కూడా మనం అడగవలసిన ప్రశ్న అయింది.

మహిళా సమావేశాల్లో మేము ఎక్కువగా విన్న మాట ఒకటే: "అలాంటిది ఉందని మాకెవరూ చెప్పలేదు." వద్దనుకుని మానుకున్నవాళ్లు వేరు. ఉందని తెలియక మానుకున్నవాళ్లు వేరు. మొదటివారిది నిర్ణయం. రెండోవారికి ఆ అవకాశమే అందలేదు. ఈ తేడాను చెరిపేయడానికే ఈ నాలుగు పేజీలు.

మొదటి ప్రశ్న: మొత్తం తీసేయాలా?

వందేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్ అంటే రొమ్మును, కింది ఛాతీ కండరాలను, చంకలోని గ్రంథులను అన్నింటినీ కలిపి తీసేసేవారు. ఎంత ఎక్కువ కోస్తే అంత క్షేమం అనుకునే కాలం అది. తర్వాత అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్, ఇటలీలో ఉంబెర్తో వెరొనేసీ వేలాది స్త్రీలతో పరిశోధన చేశారు. ఇరవై ఏళ్లపాటు గమనించిన ఫలితాలు 2002లో వచ్చాయి. తొలి దశలో ఉన్నవారికి గడ్డను, దాని చుట్టూ కొంత భాగాన్ని మాత్రమే తీసి రేడియేషన్ ఇచ్చినా, రొమ్మంతా తీసేసినా, బతికే కాలంలో తేడా లేదని తేలింది.

కాబట్టి డాక్టరును మొదట అడగవలసింది "నాకు రొమ్ము ఉంచే ఆపరేషన్ కుదురుతుందా?" అని. గడ్డ పెద్దదైనా, ఒకే రొమ్ములో వేర్వేరు చోట్ల ఉన్నా, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోయినా కుదరకపోవచ్చు. ఇంకో చిక్కు కూడా ఉంది. రేడియేషన్ అంటే కొన్ని వారాలపాటు వారానికి అయిదు రోజులు ఆసుపత్రికి వెళ్లాలి. కుప్పం నుంచో, పుంగనూరు నుంచో రోజూ తిరుపతికో వేలూరుకో వెళ్లి రావడం కూలిచేసే ఇంటికి సాధ్యమా? బస్సు చార్జీలకు, ఉండే చోటుకు దారి లేక రొమ్మంతా తీసేయించుకోవడానికి ఒప్పుకోవలసి వస్తే, ఆ నిర్ణయం జబ్బు చేసింది కాదు, పేదరికం చేసింది. అక్కడ ఒక నెల గది అద్దె కట్టే దాత ఒక అవయవాన్ని కాపాడినట్టే.

తీసేయక తప్పనప్పుడు నాలుగు దారులు

మొదటిది, అలాగే ఉండిపోవడం. ఛాతీ చదునుగా మానేలా కుట్టు వేయించుకుని, ఇంకే ఆపరేషనూ వద్దనుకోవడం. ఇది తక్కువ దారి కాదు. మళ్లీ కోత ఉండదు, త్వరగా కోలుకుంటారు. చాలామంది ఇష్టపూర్వకంగా దీన్నే ఎంచుకుంటారు. వారిని "ఇంకోటి చేయించుకోరాదా" అని ఒత్తిడి పెట్టడం కూడా తప్పే.

రెండోది, బయట తొడుక్కునేది. సిలికాన్‌తో చేసిన కృత్రిమ రొమ్మును లోదుస్తులో జేబులాంటి అరలో పెట్టుకుంటారు. గాయం పచ్చిగా ఉన్నప్పుడు దూదితోనో నూలుతోనో చేసిన తేలికైనది వాడి, పూర్తిగా మానాక, సుమారు ఆరు వారాలకు, బరువున్న దానికి మారతారు. ఇది పైకి కనిపించడానికి మాత్రమే అనుకోకండి. ఒకవైపు బరువు లేకపోతే కొందరికి భుజం వంగి, మెడ, వీపు నొప్పులు వస్తాయి. రవికలో పాత గుడ్డ చుట్టి పెట్టుకుని, అది ఎప్పుడు జారిపోతుందోనని పెళ్లిళ్లకు పోవడం మానేసిన ఆడవాళ్లను మేము చూశాం. నూలుతో అల్లిన తేలికైన వాటిని స్వచ్ఛందంగా తయారు చేసి ఉచితంగా పంచేవాళ్లు మన దేశంతో సహా ఎన్నో దేశాల్లో ఉన్నారు. కుట్టుమిషన్, కొలత తెలిసిన చెయ్యి, మెత్తటి నూలు గుడ్డ ఉంటే చాలు.

మూడోది, ఇంప్లాంట్. అంటే సిలికాన్ సంచిని ఛాతీ చర్మం కిందనో కండరం కిందనో అమర్చడం. అమెరికాలోని హ్యూస్టన్‌లో 1962లో మొదటిసారి సిలికాన్ ఇంప్లాంట్ వాడారు. చర్మం చాలకపోతే ముందు బెలూన్ లాంటి సంచి పెట్టి, కొన్ని వారాలపాటు కొంచెం కొంచెంగా సెలైన్ ఎక్కిస్తూ చర్మాన్ని సాగదీసి, ఆ తర్వాత అసలు ఇంప్లాంట్ పెడతారు. శరీరంలో ఇంకోచోట కోత ఉండదు, ఆపరేషన్ చిన్నది. అయితే ఇంప్లాంట్ జీవితాంతం ఉంటుందని హామీ లేదు. కొన్నేళ్లకు మార్చవలసి రావొచ్చు. చుట్టూ గట్టి పొర కట్టి నొప్పి పుట్టవచ్చు, ముఖ్యంగా రేడియేషన్ తీసుకున్నవారికి. పైభాగం గరుకుగా ఉండే కొన్ని ఇంప్లాంట్లకూ అరుదైన ఒక రకం లింఫోమాకూ సంబంధం కనిపించడంతో 2019లో ఒక పెద్ద కంపెనీ వాటిని ప్రపంచవ్యాప్తంగా వెనక్కి తీసుకుంది. ఏ రకం పెడుతున్నారో అడిగి, దాని కార్డును ఇంట్లో భద్రంగా దాచుకోవాలి.

నాలుగోది, సొంత శరీరం నుంచే తీసి కట్టడం. వీపు మీది వెడల్పాటి కండరాన్ని చర్మంతో సహా చంక కిందుగా ముందుకు తిప్పి అమర్చే పద్ధతిని ఇటలీ సర్జన్ తన్సీని 1906లోనే వివరించారు. పొట్ట కింది భాగంలోని కొవ్వును, చర్మాన్ని, కండరంతో సహా పైకి జరిపే పద్ధతి 1982లో వచ్చింది. ఇప్పుడు కండరాన్ని ఉన్నచోటే ఉంచి, కొవ్వునూ చర్మాన్నీ మాత్రమే తీసి, సన్నని రక్తనాళాలను మైక్రోస్కోపు కింద ఛాతీ నాళాలకు కలుపుతున్నారు. దీనికి ఆరు నుంచి ఎనిమిది గంటలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఆ నైపుణ్యం ఉన్న ప్లాస్టిక్ సర్జన్ ఉన్నచోటే చేస్తారు. సొంత కండ కనుక మెత్తగా, సహజంగా ఉంటుంది, ఒంటితోపాటే వయసు మీరుతుంది. కానీ కోత రెండు చోట్ల పడుతుంది. కోలుకోవడానికి ఎక్కువ రోజులు పడుతుంది.

ఇక్కడ మన ప్రాంతపు స్త్రీల పని గుర్తుపెట్టుకోవాలి. మదనపల్లె మార్కెట్లో టమోటా బుట్టలు మోసే ఆమెకు, మగ్గం మీద కూర్చునే ఆమెకు, నీళ్ల బిందెలు ఎత్తే ఆమెకు వీపు కండరం, పొట్ట కండరం అన్నం పెట్టే కండరాలు. పొట్ట కండరాన్ని తీస్తే ఆ చోటు బలహీనపడి హెర్నియా వచ్చే ప్రమాదం కొంత ఉంటుంది. వీపు కండరాన్ని తిప్పితే భుజం బలం కొంత తగ్గవచ్చు. "నేను ఈ పని చేసి బతుకుతాను, దీనికి అడ్డం వస్తుందా?" అని డాక్టరును నోరు తెరిచి అడగాలి. ఆమె చెప్పకపోతే డాక్టరుకు తెలిసే వీలు లేదు.

ఎప్పుడు చేయించుకోవాలి?

రొమ్ము తీసే రోజే కట్టించుకోవచ్చు. చికిత్స అంతా ముగిశాక నెలలకో, సంవత్సరాలకో కూడా చేయించుకోవచ్చు. అదే రోజు చేస్తే పైచర్మాన్ని చాలావరకు ఉంచవచ్చు, మత్తు ఒక్కసారే ఇస్తారు. రేడియేషన్ తప్పదని తెలిస్తే కొందరు డాక్టర్లు ఆగమంటారు. అయిదేళ్ల కిందట ఆపరేషన్ అయిన సోదరికి కూడా దారి మూసుకుపోలేదు. ఈ ఒక్క మాట తెలియక ఆశ వదులుకున్నవాళ్లు ఎందరో.

రెండు భయాలు తీర్చవలసి ఉంది. రొమ్మును మళ్లీ కట్టించుకోవడం వల్ల క్యాన్సర్ తిరిగి రాదు. మళ్లీ వస్తే కనిపెట్టడానికి అది సాధారణంగా అడ్డు కూడా కాదు. అయితే లేనిపోని ఆశలు కూడా పెట్టకూడదు. కొత్త రొమ్ములో ముందున్నంత స్పర్శ ఉండదు. దానితో బిడ్డకు పాలివ్వలేరు. రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఒక్క ఆపరేషన్‌తో పని అయిపోకపోవచ్చు. షుగర్ అదుపులో లేకపోయినా, పొగాకు వాడకం ఉన్నా గాయం సరిగా మానదు. తమలపాకులో జర్దా వేసుకునే మన పెద్దమ్మలు దీన్ని ప్రత్యేకంగా గమనించాలి.

దీన్ ఏమంటుంది?

"అల్లాహ్ చేసిన రూపాన్ని మార్చడం కాదా?" అని చాలామంది అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేవారి భయభక్తులను మేము గౌరవిస్తాం. హదీసు గ్రంథాల్లో హజ్రత్ అర్ఫజా (రజి) ప్రస్తావన ఉంది. కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు పోయింది. వెండి ముక్కు పెట్టించుకుంటే అది వాసన కొట్టింది. అప్పుడు ప్రవక్త (స) బంగారు ముక్కు పెట్టించుకోమన్నారు. మగవారికి బంగారం నిషిద్ధమైనా, పోయిన అవయవం స్థానంలో దాన్ని అనుమతించారు. జబ్బు వల్ల పోయినదాన్ని సరిచేసుకోవడం వేరు, ఉన్నది నచ్చక మార్చుకోవడం వేరు అని ఉలమాలు దీన్నుంచి వివరిస్తారు. 2007లో మలేషియాలోని పుత్రజయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ, ధర్మబద్ధమైన శస్త్రచికిత్సల్లో, తీసేసిన రొమ్మును తిరిగి కట్టించుకోవడాన్ని పేరుపెట్టి చేర్చింది.

కొన్ని చిన్న సందేహాలు కూడా ఉన్నాయి. బయట తొడుక్కునే దానితో వుజూకు ఇబ్బంది లేదు, గుస్ల్ చేసేటప్పుడు తీసేస్తే చాలు. ఇంప్లాంట్ చర్మం లోపల ఉంటుంది కనుక గుస్ల్‌కు అడ్డు కాదు. కొన్ని ఆపరేషన్లలో ఇంప్లాంట్‌కు ఆధారంగా జంతు చర్మంతో చేసిన పలుచని పొర వాడతారు. వాటిలో పంది చర్మంతో చేసినవీ ఉన్నాయి. అలాంటిది వాడుతున్నారా, బదులుగా వేరేది ఉందా అని ముందే అడగవచ్చు. చనుమొన రంగు కోసం పచ్చబొట్టు పొడిపించుకోవాలనుకునేవారు, చంకలో గ్రంథులు తీశాక సజ్దాలో చేతిమీద బరువు ఆనించలేనివారు తమ మౌలానాను అడిగి తెలుసుకోవాలి. మేము ఫత్వా చెప్పడం లేదు, అడగవలసిన ప్రశ్నలు చెబుతున్నాం.

పరదా సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చిత్తూరుకు పక్కనే ఉన్న వేలూరు సీఎంసీ ఆసుపత్రి ఎలా పుట్టిందో పెద్దవాళ్లకు తెలుసు. 1890లలో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు ఐడా స్కడర్ అనే అమ్మాయి దగ్గరికి వచ్చి ప్రసవమవుతున్న భార్యలకు సాయం అడిగారు. వారిలో ఒకరు బ్రాహ్మణుడు, ఒకరు ముస్లిం, ఇంకొకరు వేరే హిందూ కులస్థుడు. ఆమె అప్పటికి డాక్టరు కాదు. డాక్టరైన ఆమె తండ్రి వస్తానంటే, మగవాడని ముగ్గురూ వద్దన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ రాత్రి ఆమెను డాక్టరును చేసింది. 1900లో వేలూరులో ఒక్క మంచంతో ఆమె వైద్యం మొదలుపెట్టింది. ఇవాళ తిరుపతిలోనే శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాలలో 2014 నుంచి ఆడపిల్లలు డాక్టర్లవుతున్నారు. మహిళా డాక్టరే చూడాలని అడగడంలో తప్పు లేదు. దొరకనప్పుడు మరో స్త్రీ తోడుండగా మగ డాక్టరుకు చూపించుకోవడం ప్రాణం కోసం. ఆ వెసులుబాటు మన దీన్‌లో ఉంది.

ఎక్కడ, ఎంత?

మనకు దగ్గరలో తిరుపతి స్విమ్స్ ఉంది. అక్కడి పింక్ బస్సు ఊళ్లకు వచ్చి స్త్రీలకు క్యాన్సర్ పరీక్షలు చేస్తుంది. టాటా ట్రస్టుల సాయంతో కట్టిన శ్రీ వేంకటేశ్వర క్యాన్సర్ ఆసుపత్రి 2022 మేలో తిరుపతిలో ప్రారంభమైంది. వేలూరు సీఎంసీ, డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1954లో స్థాపించిన చెన్నై అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ కూడా అందుబాటు దూరంలోనే ఉన్నాయి. ఏ ఆసుపత్రిలో ఏ పద్ధతి చేస్తారో వెళ్లినప్పుడే అడగాలి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకంలో తన కేసులో ఏదేది వర్తిస్తుందో, రొమ్మును మళ్లీ కట్టడం అందులో వస్తుందో రాదో, ఆపరేషన్ తేదీ వేయకముందే ఆ కౌంటరులో అడిగి తేల్చుకోవాలి. అమెరికాలో 1998లో చట్టమే వచ్చింది: రొమ్ము తీసే ఆపరేషన్‌కు డబ్బిచ్చే బీమా కంపెనీ దాన్ని తిరిగి కట్టడానికి కూడా ఇవ్వాలి. అంటే రెండోది సోకు కాదు, మొదటి చికిత్సలో భాగమేనని ఒక దేశం ఒప్పుకుంది. మన సొసైటీ కూడా ఒప్పుకోవచ్చు.

మనం చేయగలిగింది

మేము బడిపంతుళ్లం. పిల్లల్ని "అర్థమైందా?" అని అడిగితే తరగతి మొత్తం తలూపుతుంది. "ఏదీ, నువ్వు చెప్పు" అంటేనే అర్థమైందో లేదో బయటపడుతుంది. ఆసుపత్రిలోనూ అంతే. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లి, తెలుగులో చెప్పే నర్సు, ఇంగ్లీషులో అచ్చైన అంగీకార పత్రం. ఆమె తలూపుతుంది, వేలిముద్ర వేస్తుంది. అందుకే మా విన్నపాలు ఇవి.

ఒకటి: ఆపరేషన్‌కు సాయం మంజూరు చేసే ముందు, చదువుకున్న ఒక సోదరి రోగితో కూర్చుని, ఈ నాలుగు దారులను ఆమె భాషలో చెప్పాలి. తర్వాత ఆమె చేతే తిరిగి చెప్పించాలి. వీలైతే భర్తను, అత్తను కూడా కూర్చోబెట్టాలి. నిర్ణయం మాత్రం ఆమెదే.

రెండు: డాక్టరును అడగవలసిన ప్రశ్నలు ఒక కాగితం మీద రాసివ్వాలి. రొమ్ము ఉంచవచ్చా? రేడియేషన్ ఉంటుందా? ఇప్పుడే కట్టించుకోవచ్చా, ఆగాలా? నా పనికి అడ్డమా? మొత్తం ఎన్ని ఆపరేషన్లు? పథకంలో ఏది వస్తుంది, చేతి నుంచి ఎంత పడుతుంది?

మూడు: మన కుట్టు శిక్షణలో నూలుతో కృత్రిమ రొమ్ము, అర ఉన్న లోరవిక కుట్టడం నేర్పించాలి. అవసరమైనవారికి పేరు బయటికి రాకుండా అందించాలి.

నాలుగు: వైద్యం పద్దులో రేడియేషన్ రోజుల బస, ప్రయాణం, రెండో ఆపరేషన్ ఖర్చుల కోసం కొంత విడిగా ఉంచాలి. అందులో జకాత్ ఎంతవరకు వాడవచ్చో, సదఖా ఎక్కడ వాడాలో ఉలమాలను అడిగి నిర్ణయించుకోవచ్చు.

ఇవేవీ లక్షలు అడిగే పనులు కావు. మొదటి రెండింటికి పైసా ఖర్చు లేదు, ఒక సోదరి ఒక పూట సమయం చాలు. కట్టించుకున్నా, తొడుక్కున్నా, అలాగే ఉన్నా, "నాకు తెలిసే ఎంచుకున్నాను" అని ఆమె అనగలగాలి. వచ్చే సంచికలో జమాఖర్చుల పేజీ తిప్పినప్పుడు ఆ పద్దు మీకు కనిపించాలని మా కోరిక. జబ్బుపడిన మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు అల్లాహ్ పూర్తి షిఫా ప్రసాదించుగాక. వారి కోసం ఖర్చు పెట్టే చేతుల్లో బర్కత్ కలిగించుగాక. ఆమీన్.